చిమ్మిలి పెట్టిన చేతులతోనే

మా అక్క కూతురు పెద్దమనిషైనప్పుడు తనకు పన్నెండేళ్లు. కూర్చోబెట్టిన రోజుల్లో మా అమ్మ నువ్వులూ బెల్లమూ రోట్లో దంచి, నూనె చేతికి అంటేలా చిమ్మిలి ఉండలు కట్టి పూటకొకటి పిల్ల నోట్లో పెట్టింది. మేనత్తలు పులగంలో నెయ్యి వంచారు. "తినవే తల్లీ, నడుము గట్టిపడాలి" అని అందరిదీ ఒకటే మాట. తెలంగాణ ఇళ్లలో ఎండుకొబ్బరి కుడుకలు, నువ్వుల ముద్దలు పెడతారు. పేర్లు మారినా పద్ధతి ఒకటే. ఆడపిల్ల ఎదిగే వేళ బలమైన తిండి కడుపు నిండా పెట్టాలి.

రెండేళ్లు తిరిగాయి. ఒక పెళ్లిలో లంగా ఓణీ కట్టుకుని ఎదురొచ్చిన ఆ పిల్లను చూసి ఆ మేనత్తలే, "ఏంటే, ఇంత లావైపోయావ్? ఇప్పుడే తగ్గించుకో, తర్వాత నీ వల్ల కాదు" అన్నారు. ప్రేమగానే అన్నారు. ఆ పూట పిల్ల విస్తరి ముందు కూర్చుని, పప్పన్నం రెండు ముద్దలు కలిపి లేచిపోయింది. ఆ తర్వాత రాత్రి అన్నం మానేసింది. బాక్సులో పెట్టిన ఇడ్లీలు సాయంత్రానికి అలాగే తిరిగొచ్చేవి. అడిగితే "ఆకలి లేదమ్మా" అనేది. బట్టలు వదులయ్యాయి. చూసినవాళ్లు మెచ్చుకున్నారు. పదిహేనో ఏట నెలసరి ఆగిపోయాక గానీ మా ఇంట్లో ఎవరికీ భయం పుట్టలేదు. ఆ మెచ్చుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

తిండి అందరికంటే ఎక్కువ కావాల్సిన వయసులోనే ఆడపిల్లలకు తిండి అంటే భయం ఎందుకు పుడుతోంది? ఆ భయంతో కంచం పక్కకు నెట్టినప్పుడు ఒంట్లో వరసగా ఏం జరుగుతుంది? ఈ రెండు ప్రశ్నలకూ శరీరశాస్త్రం దగ్గర మంచి జవాబులే ఉన్నాయి.

కూతురి కంచం తల్లి కంచం కంటే పెద్దది

ఎనిమిదేళ్ల ఆడపిల్లనూ మగపిల్లవాడినీ పక్కపక్కన నిలబెడితే ఇద్దరి ఒంట్లోనూ కొవ్వు పాలులో పెద్దగా తేడా ఉండదు. దారులు చీలేది ఆ తర్వాతే. మెదడు అడుగున బాదంగింజంత ఉండే హైపోథాలమస్ ఒక రోజు సంకేతాలు పంపడం మొదలుపెడుతుంది. వాటితో అండాశయాలు నిద్రలేచి ఈస్ట్రోజెన్ అనే హార్మోనును విడుదల చేస్తాయి. పిల్ల ఒంటికి కొత్త రూపం గీసేది ఆ హార్మోనే.

ఆ పనులన్నీ ఒకేసారి జరగవు. ముందు పొడవు సాగుతుంది. పన్నెండేళ్ల ప్రాంతంలో ఆ వేగం తారస్థాయికి చేరుతుంది. బరువు పెరిగే వేగం తారస్థాయికి వచ్చేది దాని తర్వాత సుమారు ఆరు నెలలకు. కాబట్టి మొదట పిల్ల చీపురుపుల్లలా సాగినట్టు కనిపిస్తుంది, ఆ వెంటనే నిండినట్టు కనిపిస్తుంది. నిన్నటి చుడీదారు ఇవాళ పట్టదు. తల్లి దీన్ని 'ఒళ్లు చేయడం' అనుకుంటుంది. నిజానికి వరసలో రెండో పని మొదలైంది, అంతే. పెద్దయ్యాక ఉండాల్సిన బరువులో దాదాపు సగం ఈ కొద్ది ఏళ్లలోనే వచ్చి చేరుతుంది. ఆడపిల్లల్లో మొత్తం బరువులో కొవ్వు పాలు ఇంచుమించు ఆరో వంతు నుంచి నాలుగో వంతుకు పెరుగుతుంది. తొడలు, పిరుదులు, రొమ్ముల దగ్గర అది చేరేది ఈస్ట్రోజెన్ చెప్పినట్టే.

అదే సమయంలో మగపిల్లల్లో టెస్టోస్టెరాన్ కండ పెంచుతుంది, భుజాలు వెడల్పు చేస్తుంది. ఇక్కడ ఒక అన్యాయం ఉంది. మగపిల్లాడి ఎదుగుదల సినిమా పోస్టరు మీది హీరో వైపు నడుస్తుంది. ఆడపిల్ల ఎదుగుదల పోస్టరు మీది హీరోయిన్ నుంచి దూరంగా నడుస్తుంది. ఇద్దరి శరీరాలూ తమ పని సరిగ్గానే చేస్తున్నాయి. కానీ ఒకరికి శభాష్ అంటాం, రెండోవారికి 'కాస్త తగ్గు' అంటాం.

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన లెక్కలు చూడండి. కూర్చుని పనిచేసే పెద్ద స్త్రీకి రోజుకు 1,660 కేలరీలు సరిపోతాయి. 13 నుంచి 15 ఏళ్ల ఆడపిల్లకు 2,400 కావాలి. 16 నుంచి 18 ఏళ్ల పిల్లకు 2,500 కావాలి. ఆఫీసులో కుర్చీ మీద పనిచేసే తల్లికంటే ఇంటర్ చదివే కూతురికి సగం ఎక్కువ తిండి అవసరమన్నమాట. ఇనుమూ కాల్షియమూ కూడా తల్లికంటే కూతురికే ఎక్కువ కావాలి. తల్లీకూతుళ్లు కలిసి ఒకే 'డైట్' మొదలుపెట్టడం ఈమధ్య చాలా ఇళ్లలో చూస్తున్నాను. తల్లికి అది మేలు చేయవచ్చు. కూతురికి మాత్రం అది కోతే.

గాదె కొలిచే ఇంటిపెద్ద

పాతకాలపు ఉమ్మడి కుటుంబంలో పెళ్లి మాట వస్తే ఇంటిపెద్ద ముందు గాదె వైపు చూసేవాడు. ధాన్యం నిండుగా ఉంటే సరే. అడుగంటితే పెళ్లి వచ్చే ఏటికి. హైపోథాలమస్ నడిపే సంసారం కూడా ఇలాంటిదే. బిడ్డను కని పాలిచ్చి పెంచడం శరీరానికి పెద్ద ఖర్చు. గాదెలో గింజలున్నాయని నమ్మకం కుదిరితేనే ఆ ఖర్చుకు తయారవుతుంది. ఆ గాదె కొవ్వు.

కొవ్వు ఎంత ఉందో మెదడుకు ఎలా తెలుస్తుందన్నది చాలాకాలం పజిల్‌గానే ఉండేది. 1970ల్లో హార్వర్డ్ శాస్త్రవేత్త రోజ్ ఫ్రిష్, పిల్ల పుష్పవతి కావడానికీ నెలసరి క్రమంగా నడవడానికీ ఒంట్లో ఇంత పాలు కొవ్వుండాలని వాదించారు. అందరికీ ఒకే అంకె అన్న భాగం తర్వాత నిలబడలేదు. కొవ్వుకూ నెలసరికీ ముడి ఉందన్న మూలసూత్రం మాత్రం నిలిచింది. 1994లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం ఆ ముడిని విప్పింది. కొవ్వు కణాలే రక్తంలోకి ఒక హార్మోను వదులుతాయి. దాని పేరు లెప్టిన్. అది మెదడుకు చేరి "గాదెలో ఇంత ఉంది" అని చెబుతుంది. కొవ్వు అంటే ఊరికే పేరుకున్న సరుకు కాదు, కబురు పంపే అవయవమని వైద్యులు గుర్తించింది అప్పటి నుంచే.

పుట్టుకతోనే లెప్టిన్ తయారుకాని పిల్లలు ప్రపంచంలో అతి కొద్దిమంది ఉన్నారు. వాళ్ల ఒంట్లో కొవ్వు బోలెడంత ఉంటుంది. అయినా ఆ కబురు మెదడుకు అందదు కాబట్టి ఎప్పుడూ ఆకలే, యవ్వనం కూడా రాదు. లెప్టిన్‌ను ఇంజెక్షనుగా ఇస్తే ఆకలి తగ్గుతుంది, ఆగిన ఎదుగుదల కదులుతుంది.

ఇంటిపెద్ద గాదెను మాత్రమే చూడడు. ఈ వారం పొలం నుంచి ఏమొచ్చిందో కూడా చూస్తాడు. తిండి తగ్గించిన కొద్ది రోజులకే లెప్టిన్ పడిపోతుంది, అదీ కరిగిన కొవ్వు లెక్కకు మించి. అమెరికాలో ఆన్ లౌక్స్ అనే శాస్త్రవేత్త ఆరోగ్యంగా ఉన్న యువతుల మీద చేసిన పరీక్షలు 2003లో వెలువడ్డాయి. ఒంటికి అందే శక్తి ఒక గీత కిందికి దిగితే, అండాశయాలను నడిపే హార్మోను లయ ఐదు రోజుల్లోనే చెదిరిందని వాటిలో తేలింది. ఈ ఐదు రోజుల సంగతి చదివి నేను చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను. మా పిల్ల ఎన్ని నెలలు అలా గడిపిందో నాకు తెలుసు.

బాక్సు: బీఎంఐ ఎవరి లెక్క?

ఫోనులో ఎత్తూ బరువూ కొడితే ఒక అంకె వస్తుంది. దాని మూలం 1830ల్లో బెల్జియం గణిత శాస్త్రవేత్త అడాల్ఫ్ కెట్లే వేసిన లెక్క. ఆయన వైద్యుడు కాదు, జనాభా సగటులు తీసే మనిషి. ఆ లెక్కకు బీఎంఐ అన్న పేరును 1972లో ఖాయం చేసింది అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్. ఆయన మనకు మళ్లీ ఎదురవుతారు.

పెద్దల పట్టికలో 18.5 కంటే తక్కువ వస్తే బరువు తక్కువ అంటారు. పదకొండేళ్ల ఆరోగ్యవంతురాలికి 17 రావడం మామూలే. ఎదిగే పిల్లల అంకెను వయసును బట్టి చదవాలి. అందుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో, భారతీయ పిల్లల వైద్యుల సంఘం 2015లో విడిగా పట్టికలు ఇచ్చాయి. వైద్యులు వాటిలో ఒక్క రోజు అంకెను చూసి తీర్పు చెప్పరు. కొన్నేళ్ల చుక్కలు కలిపి గీత ఎటు పోతోందో చూస్తారు. ఎప్పుడూ ఒకే గీత మీద నడిచిన పిల్ల హఠాత్తుగా పైకి ఎక్కినా, కిందికి జారినా అప్పుడు ఆలోచించాలి.

మూడు గిన్నెల నీళ్లు

మూడు గిన్నెలు పెట్టి ఒకదాంట్లో వేడినీళ్లు, ఒకదాంట్లో చన్నీళ్లు, నడిమి దాంట్లో గోరువెచ్చని నీళ్లు పోయండి. కుడిచెయ్యి వేడినీళ్లలో, ఎడమచెయ్యి చన్నీళ్లలో నిమిషం ఉంచి రెండూ కలిపి నడిమి గిన్నెలో పెట్టండి. ఒకే నీళ్లు కుడిచేతికి చల్లగా, ఎడమచేతికి వేడిగా తోస్తాయి. చర్మం వేడిని కొలవదు, అంతకుముందున్న దానితో పోలుస్తుంది.

కన్ను కూడా ఇంతే. సన్నని ఒళ్లున్న బొమ్మలు వరసగా చూపించి, ఆ వెంటనే మామూలు ఒంటి బొమ్మ చూపిస్తే అది లావుగా కనిపిస్తుంది. లావు బొమ్మలు చూపించాక అదే బొమ్మ సన్నగా తోస్తుంది. మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రయోగశాలల్లో దీన్ని పదేపదే చూశారు. 'మామూలు' అంటే ఏమిటో మెదడు రాతిలో చెక్కుకోదు. ఈమధ్య చూసిన వాటి సగటునే మామూలు అనుకుంటుంది. రోజుకు మూడు గంటలు ఫోనులో ఫిల్టరు వేసిన నడుములు చూసిన పిల్ల అద్దం ముందు నిలబడితే, అద్దంలో తన ఒళ్లు నడిమి గిన్నెలో నీళ్లలా అవుతుంది. "నువ్వేం లావు లేవే" అని మనం ఎంత చెప్పినా నమ్మదు. తనకు నిజంగానే అలా కనిపిస్తోంది.

ఒక్కో పిల్లకే కాదు, ఊరి మొత్తానికీ ఇది జరగవచ్చని చూపిన చోటు పసిఫిక్ సముద్రంలోని ఫిజీ. చెరకు తోటల కూలీలుగా మన తెలుగువాళ్లు కూడా వెళ్లి స్థిరపడ్డ దీవులవి. ఈ పరిశీలన జరిగింది మాత్రం అక్కడి మూలవాసుల ఆడపిల్లల మీద. వాళ్ల సంప్రదాయంలో నిండైన ఒళ్లే అందం. ఎవరైనా చిక్కిపోతే ఇంట్లో సరిగా చూసుకోవడం లేదేమోనని ఊరంతా కలవరపడేది. మన పెద్దవాళ్లు గుమ్మంలోనే "అయ్యో, ఎంత చిక్కిపోయావమ్మా" అని పలకరించినట్టే. నద్రోగా అనే ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. హార్వర్డ్ మానవశాస్త్రవేత్త, మానసిక వైద్యురాలు ఆన్ బెకర్ టీవీ వచ్చిన కొద్ది వారాలకే అక్కడి హైస్కూలు పిల్లలను ప్రశ్నించారు. మూడేళ్ల తర్వాత, 1998లో, మళ్లీ అదే వయసు పిల్లలను ప్రశ్నించారు. తిండి విషయంలో ప్రమాదకరమైన ధోరణి ఉన్నవాళ్లు 12.7 శాతం నుంచి 29.2 శాతానికి పెరిగారు. బరువు తగ్గడానికి కావాలని వాంతి చేసుకునేవాళ్లు 1995లో ఒక్కరూ లేరు. 1998 నాటికి వాళ్లు 11.3 శాతం. నలుగురిలో ముగ్గురు తాము లావుగా ఉన్నామని అప్పుడప్పుడైనా అనిపిస్తుందన్నారు. మూడేళ్లలో వాళ్ల ఒళ్లు మారలేదు, నడిమి గిన్నె పక్కన పెట్టిన గిన్నె మారింది.

మన దగ్గరా గిన్నె మారుతూనే వచ్చింది. 1957 నాటి 'మాయాబజార్'లో సావిత్రి నిండైన ముఖాన్ని, గుండ్రని చేతులను చూసి తెలుగు దేశమంతా మురిసిపోయింది. అలాంటి ఒంటికి ఇవాళ కథానాయిక వేషం ఇస్తారా అన్నది పాఠకులే చెప్పాలి. ఇన్‌స్టాగ్రామ్ సొంత కంపెనీ లోపల చేయించుకున్న సర్వే కాగితాలు 2021లో బయటపడ్డాయి. ఒంటి గురించి దిగులుగా ఉన్నప్పుడు ఇన్‌స్టాగ్రామ్ ఆ దిగులును ఇంకా పెంచిందని 32 శాతం టీనేజీ అమ్మాయిలు చెప్పినట్టు వాటిలో ఉంది.

ముప్పై ఆరు మంది మగవాళ్ల ఆకలి

తిండి తగ్గిస్తే మనిషికి ఏమవుతుందో అన్నిటికంటే వివరంగా చెప్పిన ప్రయోగం ఆడపిల్లల మీద జరిగింది కాదు. రెండో ప్రపంచయుద్ధం చివర్లో, యూరప్‌లో ఆకలితో మాడుతున్న జనాన్ని మళ్లీ ఎలా కోలుకునేలా చేయాలో తెలుసుకోవడానికి ఆన్సెల్ కీస్ 1944 నవంబరులో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో దాన్ని మొదలుపెట్టారు. యుద్ధంలో చంపడం ఇష్టంలేక ఆయుధం పట్టనన్న 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు తామే ముందుకొచ్చారు. ఆరు నెలలపాటు వాళ్లకు రోజుకు సుమారు 1,570 కేలరీల తిండి పెట్టారు. బరువు నాలుగో వంతు తగ్గింది.

అసలు సంగతి బరువు కాదు. ఎండాకాలంలోనూ వాళ్లకు చలేసింది. గుండె నెమ్మదించింది. జుట్టు రాలింది. మెట్లెక్కలేకపోయారు. అంతకుముందు రాజకీయాలూ పుస్తకాలూ మాట్లాడుకున్నవాళ్లు వంటల పుస్తకాలు పోగుచేసుకోవడం మొదలుపెట్టారు. కంచం నాకారు. ముద్దముద్దకూ నీళ్లు కలిపి గంటల తరబడి తిన్నారు. చిరాకు, దిగులు, ఒంటరితనం ముసురుకున్నాయి. ఎముకల గూళ్లయినా తాము చిక్కినట్టు చాలామందికి తోచలేదు. ఎదుటివాళ్లే లావుగా కనిపించారు.

ఇవన్నీ డైటింగ్ చేసే పిల్లల తల్లులు వైద్యుల దగ్గర చెప్పే మాటలే. "ఎప్పుడూ వంటల వీడియోలే చూస్తుంది, తను మాత్రం తినదు." "ఊరికే కసురుతోంది." "ఏప్రిల్‌లోనూ దుప్పటి కప్పుకుంటుంది." పిల్లకు పొగరనీ మొండితనమనీ మనం అనుకునే గుణాల్లో చాలా మటుకు ఆకలి చేసే పనులు. తిండి అందకపోతే మెదడు తిండి గురించి తప్ప ఇంకో ఆలోచనకు చోటివ్వదు. ఆ పిల్లే ఎంట్రన్సు పరీక్షకు చదవాలి.

లోపల జరిగేది వరసగా చెప్పుకుందాం. అందే శక్తి తగ్గగానే ఇంటిపెద్ద ఖర్చులు కోయడం మొదలుపెడతాడు. థైరాయిడ్ హార్మోనులో చురుకైన రూపం తగ్గుతుంది, ఒంట్లో వేడి తగ్గుతుంది. తర్వాత నెలసరి వాయిదా. జుట్టు, చర్మం, గోళ్ల మరమ్మతు వాయిదా. పేగుల కదలిక మందగించి, రెండు ముద్దలకే పొట్ట ఉబ్బినట్టుంటుంది. పిల్ల దాన్ని చూసి లావయ్యాననుకుని ఇంకా తగ్గిస్తుంది. శరీరం కండ కరిగించి మెదడుకు గ్లూకోజు సరఫరా చేస్తుంది. గుండె కూడా కండే అన్నది మరిచిపోకూడదు.

బాక్సు: మొదటి వారం తగ్గేది ఏమిటి?

కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిలవ ఉంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. తిండి తగ్గించిన మొదటి రోజుల్లో ఈ నిలవ ఖర్చై నీళ్లు బయటికి పోతాయి. తూకం ముల్లు జర్రున దిగుతుంది. పిల్ల సంబరపడుతుంది. మళ్లీ కడుపునిండా తిన్న రెండు రోజులకు ఆ నీళ్లు తిరిగి చేరతాయి. నెలసరికి ముందు కిలో, కిలోన్నర పెరిగి తగ్గేది కూడా ఎక్కువగా నీరే.

బరువు తగ్గాలని మింగే విరేచన మాత్రల సంగతీ అంతే. తిండిలోని శక్తి చిన్నపేగులోనే ఒంటబడుతుంది. ఈ మాత్రలు ఎక్కువగా పనిచేసేది ఆ తర్వాతి పెద్దపేగు మీద. పోయేది నీరూ లవణాలూ. వాంతులతో కడుపులోని ఆమ్లం పళ్ల పైపొరను తినేస్తుంది, పొటాషియం పడిపోయి గుండె లయ తప్పవచ్చు.

ఇక రాత్రి అన్నం మానేసి చపాతీలు తినడం. బియ్యానికీ గోధుమపిండికీ కేలరీల్లో తేడా చాలా స్వల్పం. అన్నం మానేస్తే సన్నబడతామన్న నమ్మకం వల్ల జరిగేదల్లా, అన్నంతో పాటు వెళ్లాల్సిన పప్పూ కూరా పెరుగూ కూడా తగ్గిపోవడమే.

స్లాబు పోసే రోజులు

ఇల్లు కట్టినవాళ్లకు స్లాబు పోసే రోజంటే తెలుసు. ఆ రోజు సిమెంటు, ఇసుక, కంకర, కూలీలు అన్నీ సమయానికి ఉండాలి. సగంలో ఆపి నెల తర్వాత పోస్తామంటే ఆ అతుకు జీవితాంతం బలహీనమే. ఎముకలకు అలాంటి రోజులు కౌమారంలో వస్తాయి.

ఎముక రాయి కాదు. దానిలో రెండు జట్లు ఎప్పుడూ పనిచేస్తుంటాయి. ఒక జట్టు పాతది తవ్వుతుంది, ఇంకోటి కొత్తది కడుతుంది. కౌమారంలో కట్టేవాళ్లదే పైచేయి. పెద్దయ్యాక ఉండే ఎముక ఖనిజంలో దాదాపు నాలుగో వంతు, ఎదుగుదల ఉరవడి తారస్థాయిలో ఉన్న రెండేళ్లలోనే చేరుతుందని కెనడాలో పిల్లలను ఏళ్ల తరబడి కొలిచి చూసిన పరిశోధనలో తేలింది. పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి ఆడపిల్ల ఎముక బలంలో దాదాపు 90 శాతం కట్టేసి ఉంటుంది. తవ్వే జట్టును అదుపులో పెట్టేది ఈస్ట్రోజెన్. నెలసరి ఆగిందంటే ఈస్ట్రోజెన్ పడిపోయిందని అర్థం. అంటే స్లాబు పోసే రోజున మేస్త్రీ రాలేదు, సిమెంటూ రాలేదు, తవ్వేవాళ్లు మాత్రం వచ్చారు. అప్పుడు కోల్పోయిన ఎముక, నెలసరి తిరిగొచ్చాక కూడా పూర్తిగా దక్కకపోవచ్చు. దాని ఫలితం యాభై అరవై ఏళ్ల వయసులో తుంటి విరిగినప్పుడు కనిపిస్తుంది. "నడుము గట్టిపడాలి" అని నువ్వులు దంచిన అమ్మమ్మకు ఈస్ట్రోజెన్ పేరు తెలియదు. నువ్వుల్లో కాల్షియం మెండని కూడా ఆమె ఏ పుస్తకంలోనూ చదవలేదు.

మన దేశంలో ఈ నష్టం ఖాళీ గాదె మీద పడుతోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. నెలనెలా రక్తం పోయే వయసు, రక్తం పెరగాల్సిన వయసు కూడా అదే. ఆ పిల్ల టిఫిన్ మానేస్తే తగ్గేది నడుము చుట్టుకొలత కాదు, మొదటి పీరియడ్‌లో పాఠం వినే ఓపిక.

కరువు చూసిన ఇల్లు

ఇంత చేసినా బరువైనా తగ్గి నిలుస్తుందా? మిన్నెసోటా విశ్వవిద్యాలయంలోనే డయాన్ న్యూమార్క్-స్టైనర్ 1998-99లో నాలుగు వేలకు పైగా బడిపిల్లలతో ఒక పరిశీలన మొదలుపెట్టారు. ఆడపిల్లల్లో సగానికి పైగా భోజనాలు ఎగ్గొట్టడం, అతి తక్కువ తినడం లాంటి పద్ధతులు పాటిస్తున్నట్టు తేలింది. ఐదేళ్ల తర్వాత మళ్లీ చూస్తే, అలాంటి పద్ధతులు పట్టిన పిల్లలు అధిక బరువుకు చేరే అవకాశం మిగతావాళ్లకంటే సుమారు మూడు రెట్లు ఎక్కువగా ఉంది.

వింతగా తోచవచ్చు గానీ, ఒకసారి కరువు చూసిన రైతు కుటుంబాన్ని తలుచుకోండి. మళ్లీ పంట చేతికొచ్చిన ఏడు వాళ్లు దుబారా చేయరు. ముందు గాదె నింపుతారు, పాతకంటే కాస్త ఎక్కువగానే. శరీరం కూడా అంతే. తిండి కోసినప్పుడు ఆకలి పెంచే గ్రెలిన్ అనే హార్మోను పెరుగుతుంది, తృప్తినిచ్చేవి తగ్గుతాయి, ఖర్చు తగ్గుతుంది. ఏదో ఒక సాయంత్రం నిగ్రహం తెగుతుంది. పిల్ల వంటింట్లో నిలబడి డబ్బాలో ఉన్న కారప్పూసంతా తినేస్తుంది. ఆ తర్వాత సిగ్గు, మర్నాడు ఇంకా గట్టి ఉపవాసం, మళ్లీ తెగడం. కీస్ ప్రయోగంలోని యువకులకు మళ్లీ తిండి పెట్టినప్పుడు కూడా ముందు చేరింది కొవ్వు. కండ తర్వాత నెమ్మదిగా వచ్చింది. పొట్ట, తొడలు లావెక్కాయని ఆ మగవాళ్లలో కొందరు దిగులుపడ్డారు కూడా.

నిజంగా అధిక బరువున్న పిల్లలు లేరని నేను అనడం లేదు. ఉన్నారు, నగరాల్లో పెరుగుతున్నారు, వాళ్లలో కొందరికి చిన్న వయసులోనే చక్కెర వ్యాధి ముప్పు ఉంది. వాళ్లకు పిల్లల వైద్యుడు చేసే వైద్యం వేరు. తీపి పానీయాలు తగ్గించడం, ఆటలు, సరిపడా నిద్ర, ఇల్లంతా ఒకే తిండి తినడం. ఎదిగే పిల్లకు చాలాసార్లు బరువు తగ్గించడం కూడా అక్కర్లేదు. బరువును నిలబెట్టి పొడవును పెరగనిస్తే చాలు. పూటలు ఎగ్గొట్టడం ఆ వైద్యంలో ఎక్కడా లేదు.

మాట ఎక్కడ తగులుతుంది

న్యూమార్క్-స్టైనర్ పరిశీలనలో ఇంకో రెండు సంగతులు బయటపడ్డాయి. ఇంట్లో బరువు గురించి ఎత్తిపొడుపులు విన్న పిల్లల్లో ప్రమాదకరమైన పద్ధతులు ఎక్కువ. కుటుంబంతో కలిసి తరచూ భోంచేసే ఆడపిల్లల్లో అవి తక్కువ. మన ఇళ్లలో రెండూ ఒకే బల్ల దగ్గర జరుగుతాయి. అన్నం వడ్డిస్తూనే "ఇంకా పెట్టమంటావా, చాలా?" అన్న ఒక్క సాగదీత సరిపోతుంది. 'బొద్దుగా ఉంది', 'బండలా తయారైంది', 'పెళ్లి చూపుల నాటికి తగ్గాలి', ఇవేవీ తిట్లు కావని అనేవాళ్లు అనుకుంటారు. 'అబ్బ, సన్నబడ్డావే, బాగున్నావ్' అన్న మెప్పు వీటన్నిటికంటే లోతుగా దిగుతుంది. పస్తులకు బహుమతి ఇచ్చినట్టవుతుంది. మా పిల్లకు ఆ బహుమతి ఇచ్చిన చేతుల్లో నావీ ఉన్నాయి కాబట్టి చెబుతున్నాను.

ఇంట్లో గమనించాల్సినవి పెద్ద లక్షణాలు కావు. భోజనం కాగానే బాత్రూములోకి వెళ్లి కుళాయి తిప్పడం. అందరితో కలిసి తినకుండా ఏదో సాకు చెప్పడం. వదులు బట్టల్లో ఒళ్లు దాచుకోవడం. రోజుకు మూడుసార్లు తూకం చూసుకోవడం. లేచి నిలబడితే కళ్లు తిరగడం. చేతుల మీద సన్నని నూగు జుట్టు మొలవడం. వీటిలో ఏ రెండు మూడు కలిసి కనిపించినా పిల్లల వైద్యుడి దగ్గరికి, అక్కడి నుంచి అవసరమైతే మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. మాట్లాడేందుకు మనిషి కావాలంటే కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు తెలుగులోనే ఫోన్ చేయవచ్చు. బాగా చిక్కిన పిల్లకు కంగారుపడి ఒక్కసారిగా ఎక్కువ తిండి పెట్టకూడదు. ఎండిన ఒంట్లో ఫాస్ఫేటు లాంటి లవణాలు హఠాత్తుగా పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆ తిండి వైద్యుల కనుసన్నల్లో మెల్లగా పెంచాలి.

మా పిల్ల కోలుకోవడానికి ఏడాదిన్నర పట్టింది. మొదటి రోజు వైద్యురాలు ఆమెను తూకం ఎక్కించలేదు. ఎంత తింటున్నావని కూడా అడగలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, "చివరిసారి నెలసరి ఎప్పుడొచ్చిందమ్మా?" అని అడిగారు. మా అక్క నా వైపు చూసింది. ఆ తేదీ మా ఇద్దరికీ తెలియదు.